విశ్వాసం ఒక్కటే చాలు అంటే సత్క్రియలు ఎందుకు? శ్రమదినాల స్టడీకి సలహా కావాలి (గాజువాక)

గాజువాక గురువారం కూడిక

అందరికీ వందనాలు. ఈసారి శ్రమదినాల్లో (ఈస్టరుకు ముందు నలభై రోజులు) ఆరు గురువారాలు మా వీధి కూడికలో విశ్వాసం, సత్క్రియల మీద లూథరన్ బోధ, అంటే 16వ శతాబ్దపు జర్మను సంస్కర్త మార్టిన్ లూథరు బోధ, చదవాలని అనుకున్నాం. పద్నాలుగు, పదిహేను మంది వస్తారు. సగం మంది స్టీల్‌ప్లాంటు, పోర్టు షిఫ్టులవాళ్ళు. ముగ్గురు నర్సులు, నలుగురు డిగ్రీ పిల్లలు. అందరూ లూథరన్లు కారు. బాప్టిస్టు, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఇళ్ళ నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళూ ఉన్నారు. మాకున్న సమయం గంటంబావు.

చిక్కు ఎక్కడంటే, ఈ మాట ఎత్తగానే కూడిక రెండుగా చీలుతుంది. "విశ్వాసం వల్లనే రక్షణ అయినప్పుడు ఇంక క్రియల ప్రస్తావన దేనికి" అని కొందరు. ఇంకొందరు నోటితో కృప అంటూనే మనసులో లెక్క రాసుకుంటారు: ఎన్ని ఉపవాసాలు, ఎంత కానుక, ఎన్ని అధ్యాయాలు. ఒక వారం లెక్క తప్పితే దేవుడికి కోపం వచ్చిందేమో అని దిగులు.

రోమా 3:28 (క్రియలు లేకుండా విశ్వాసం వల్లనే), యాకోబు 2:24 (విశ్వాసం వల్ల మాత్రమే కాదు, క్రియల వల్ల కూడా) పక్కపక్కన పెట్టి అడిగితే ఏం చెప్పాలి? లూథరన్ ఒప్పుకోళ్ళలో (సంఘం తన విశ్వాసాన్ని రాసిపెట్టుకున్న పత్రాల్లో) ఏ భాగం, ఎంత చదివించాలి? ఇంట్లో రోజువారీ ధ్యానానికి షిఫ్టు మనుషులకు కుదిరే పద్ధతి ఏమైనా ఉందా? ఇలాంటి స్టడీలు సాధారణంగా ఎక్కడ గాడి తప్పుతాయో కూడా చెప్పండి.

పాత తెలుగు బైబిలు

వందనాలండీ. నేను మొదటి ప్రశ్నకే రాస్తాను. అది తేలితే మిగతావి సులువు.

రోమా 3:28 మన పాత అనువాదంలో "విశ్వాసమువలననే నీతిమంతులుగా తీర్చబడుచున్నారు" అని ఉంటుంది. ఈ "తీర్చబడు" దగ్గరే సగం తికమక పుడుతుంది. తెలుగులో తీర్చడానికి చాలా పనులున్నాయి. అప్పు తీరుస్తాం, దాహం తీరుస్తాం, తగవు తీరుస్తాం, ముగ్గు తీరుస్తాం, పిల్లల్ని తీర్చిదిద్దుతాం. కూడికలో కూర్చున్న మనిషి చెవికి ఎక్కువగా తగిలేది ఆ చివరిదే. "దేవుడు నన్ను కొద్దికొద్దిగా మంచివాడిగా తీర్చిదిద్దుతున్నాడు, ఆ పని పూర్తయ్యాక నన్ను నీతిమంతుడు అంటాడు" అని అర్థం చేసుకుంటాడు. అలా విన్నవాడు ఆ పని ఎంతవరకు వచ్చిందో రోజూ కొలుచుకోక తప్పదు. మీరు చెప్పిన లెక్కల దిగులు చాలావరకు అక్కడిదే.

పౌలు వాడిన గ్రీకు మాట దికయోఓ. అది న్యాయస్థానం మాట. న్యాయాధిపతి ఎదుట నిలబడినవాడి గురించి "ఇతడు నీతిమంతుడు" అని తీర్పు చెప్పడం. కాబట్టి "తీర్చబడు" అన్నచోట "తీర్చిదిద్దు" గుర్తుకు రానివ్వకుండా "తీర్పు" గుర్తుకు తెచ్చుకోమనండి. రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవే గనుక తెలుగువాడికి ఇది చెప్పడం తేలిక. వెంటనే రోమా 4:4, 5 చదివించండి. నాలుగో వచనంలో పని చేసినవాడి జీతం ఉంది. అది దానం కాదు, యజమాని బాకీ. నెలాఖరున జీతం పడితే ఎవరూ మేనేజరు కాళ్ళకు మొక్కరు కదా. ఐదో వచనంలో "భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చువానియందు" అని ఉంది. తీర్పు వెలువడే క్షణానికి ఆ మనిషి ఇంకా భక్తిహీనుడే. ఈ ఒక్క మాటమీద పది నిమిషాలు ఆగండి, తొందరపడకండి.

తర్వాత యాకోబు 2. ఇక్కడ గ్రీకులో ఉన్నదీ అదే క్రియ. మన అనువాదకులు మాత్రం 21వ వచనంలో "నీతిమంతుడని తీర్పు పొందలేదా" అనీ, 24లో "నీతిమంతుడని యెంచబడు" అనీ రాశారు. రెండూ చక్కటి తెలుగే. కాకపోతే తెలుగు పాఠకుడికి ఇక్కడా రోమాలోని మాటే ఉందని కనబడదు. ముందే మీరే చెప్పేయండి. లేకపోతే చదువుకున్న పిల్లలు ఫోనులో చూసి మధ్యలో అడుగుతారు, అప్పుడు దాచినట్టు ఉంటుంది.

మాట ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది? యాకోబు ఏ విశ్వాసం గురించి మాట్లాడుతున్నాడో చూడాలి. 14వ వచనం "తనకు విశ్వాసము కలదని చెప్పిన యెడల" అని మొదలై, "అట్టి విశ్వాసమతనిని రక్షింపగలదా?" అని అడుగుతుంది. "చెప్పిన", "అట్టి" అనే రెండు మాటల కింద పెన్సిలుతో గీత గీయించండి. ఉందని చెప్పుకునే విశ్వాసం అది. 19లో దాని రూపం ఇంకా స్పష్టం: దయ్యాలు కూడా నమ్మి వణుకుతాయి. దేవుడున్నాడన్న సమాచారం వాటికీ ఉంది. తన కోసం ఇచ్చిన వాగ్దానాన్ని పట్టుకోవడం వాటికి లేదు.

అబ్రాహాము వయసు లెక్క కూడా బోర్డుమీద వేయండి. "నమ్మెను, నీతిగా ఎంచబడెను" అన్నది ఆదికాండం 15:6. ఆ తర్వాత ఇష్మాయేలు పుట్టేనాటికి అబ్రాహాముకు 86 ఏళ్ళు (16:16). సున్నతి 99లో (17:24). ఇస్సాకు పుట్టింది 100లో (21:5). యాకోబు చెప్పే బలిపీఠం, అంటే అబ్రాహాము ఇస్సాకును అర్పించబోయిన ఘట్టం, 22వ అధ్యాయంలో ఉంది, అప్పటికి ఇస్సాకు కట్టెలు మోసే పిల్లవాడు. అంటే తీర్పుకూ ఈ క్రియకూ మధ్య పద్నాలుగేళ్ళకు పైగా ఎడం. పౌలు చూపించేది ఆ తీర్పు వచ్చిన రోజు. యాకోబు చూపించేది ఏళ్ళ తర్వాత అది నిజమైన విశ్వాసమని తేలిన రోజు. అందుకే యాకోబు 23వ వచనంలో ఆదికాండం 15:6 "నెరవేర్చబడెను" అంటాడు.

ఎవరో ఒకరు తప్పకుండా "లూథరు యాకోబు పత్రికను గడ్డి పత్రిక అన్నాడట" అంటారు. నిజమే, 1522 నాటి కొత్త నిబంధన ముందుమాటలో అన్నాడు. తర్వాతి ముద్రణల్లో ఆ మాట తీసేశాడు. పత్రికను మాత్రం బైబిల్లోనే ఉంచాడు. రెండు నిమిషాల్లో చెప్పి ముందుకు వెళ్ళండి. "రోమా 3:28 జర్మను అనువాదంలో మాత్రమే అన్న మాట లూథరు కలిపాడు కదా" అనీ అడగొచ్చు. గ్రీకులో ఆ మాట లేదు. ఒకదాన్ని కాదని ఇంకొకదాన్ని చెప్పేటప్పుడు జర్మను నుడికారం దాన్ని అడుగుతుందని 1530లో ఆయనే జవాబు రాశాడు. మన అనువాదంలో "విశ్వాసమువలననే" చివర ఉన్న "నే" చేస్తున్న పనీ అదే. "క్రియలు లేకుండ" అన్నాక ఆ "నే" తీసేసి చదివి చూడండి, వాక్యం కుంటుతుంది.

ఇరవయ్యో ఆర్టికల్

పైన బ్రదర్ రాసింది మొదటి రెండు వారాలకు సరిపోతుంది. నేను ఒప్పుకోళ్ళ సంగతి చెబుతాను.

ఆగ్స్‌బర్గు ఒప్పుకోలు చాలు. లూథరు సహచరుడు మెలాంక్‌తన్ రాయగా 1530 జూన్ 25న చక్రవర్తి ఐదవ చార్లెస్ ముందు చదివినది. 28 ఆర్టికల్స్‌లో మీకు కావలసినవి 4, 5, 6, 20. మొదటి మూడూ కలిపినా పేజీకి అటూ ఇటూ. గట్టిగా చదివితే మూడు నాలుగు నిమిషాలు.

అందరూ చేసే పొరపాటు, నాలుగు చదివి ఐదు వదిలేసి ఆరుకు దూకడం. 4 ఏం చెబుతుంది? క్రీస్తు నిమిత్తం, విశ్వాసం ద్వారా, ఉచితంగా నీతిమంతులుగా తీర్పు పొందుతాం. 6 ఏం చెబుతుంది? ఈ విశ్వాసం మంచి ఫలాలు ఫలించాలి, దేవుడు ఆజ్ఞాపించిన క్రియలు ఆయన చిత్తం గనుక చేయాలి, వాటిమీద ఆధారపడకూడదు. ఈ రెంటినే పక్కపక్కన పెడితే వినేవాడికి "సరే, విశ్వాసం నేను పుట్టించుకోవాలి, ఆ తర్వాత క్రియలు కూడా నేనే" అనిపిస్తుంది. అప్పుడు విశ్వాసమే అన్నిటికంటే పెద్ద క్రియ అయి కూర్చుంటుంది. మధ్యలో ఉన్న 5 ఆ దారి మూసేస్తుంది: ఈ విశ్వాసం కలగడానికే దేవుడు వాక్యాన్నీ సంస్కారాలనూ (బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం) ఇచ్చాడు, వాటి ద్వారా పరిశుద్ధాత్మ విశ్వాసాన్ని పుట్టిస్తాడు. లూథరు రాసిన ప్రశ్నోత్తరాల పాఠపుస్తకం చిన్న కేటకిజంలో విశ్వాసప్రమాణం మూడో భాగపు వివరణ కూడా ఇదే మాట. నా సొంత బుద్ధితోగానీ బలంతోగానీ నేను యేసుక్రీస్తును నమ్మలేను, ఆయన దగ్గరకు రాలేను అని మొదలవుతుంది. ఆరు కంటే ముందు దాన్ని అందరిచేత పలికించండి.

20వ ఆర్టికల్ పొడవైనది. మొత్తం చదవొద్దు. మూడు చోట్లు గుర్తుపెట్టుకుని వెళ్ళండి. "మేము సత్క్రియలు వద్దంటున్నామన్నది అబద్ధపు నింద" అనే మొదలు. చరిత్రను నమ్మడం దయ్యాలకూ ఉంది, విశ్వాసమంటే ఆ చరిత్ర వల్ల కలిగే ఫలాన్ని, అంటే నా పాపక్షమాపణను నమ్మడం అనే మధ్యభాగం. ఇది యాకోబు 2:19కి నేరుగా అతుకుతుంది. చివరగా, ఈ విశ్వాసం ద్వారా వచ్చే పరిశుద్ధాత్మ లేకుండా మనిషి మొదటి ఆజ్ఞ క్రియలుగానీ రెండో ఆజ్ఞ క్రియలుగానీ నిజంగా చేయలేడనే భాగం.

ఒక హెచ్చరిక. ఆ ఆర్టికల్ మొదట్లో ఆనాటి పండుగ దినాలు, ఉపవాసాలు, యాత్రలు, జపమాలల ప్రస్తావన వస్తుంది. ఆ చోట సింహాచలం మెట్లెక్కే పొరుగువాళ్ళను ఉదాహరణగా లాగకండి. ఆ ఆర్టికల్ మాట్లాడుతున్నది బాప్తిస్మం పొంది గుడిలో బెంచీమీద కూర్చున్నవాళ్ళతో. వేళ్ళు బయటికి తిరిగిన మరుక్షణం ఆ వారం స్టడీ వృథా. జ్ఞానాపురం కేథలిక్కులను ఉదాహరణ చేసినా అంతే. ఈ విషయం మీద లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, కేథలిక్ సంఘం కలిసి 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గులోనే ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మా యోగ్యతను బట్టి కాదు, కృప చేతనే అంగీకరించబడ్డాం అని అందులో ఇద్దరూ కలిసి ఒప్పుకున్నారు.

మీ కూడికలోని రెండు పక్షాలూ కొత్తవి కావు. లూథరు పోయాక ఆయన శిష్యుల్లోనే గియోర్గ్ మేజర్ "రక్షణకు సత్క్రియలు అవసరం" అన్నాడు, ఆమ్స్‌డార్ఫ్ "సత్క్రియలు రక్షణకు హానికరం" అన్నాడు. లూథరన్ల మరో ఒప్పుకోలు, 1577 నాటి ఫార్ములా ఆఫ్ కాంకర్డ్, నాలుగో ఆర్టికల్ రెండు మాటలనూ తోసిపుచ్చింది. సత్క్రియలు అవసరమే, "రక్షణకు" అన్న మాట మాత్రం తగిలించకూడదు. దేవుడి చిత్తం కాబట్టి అవసరం, మంచి చెట్టుకు పండు ఎలాగో అలాగ. బలవంతపు అవసరం కాదు. హానికరమైనది క్రియ కాదు, దానిమీద పెట్టుకున్న నమ్మకం. "క్రియల ప్రస్తావన దేనికి" అనేవాళ్ళకు అదే ఆర్టికల్‌లో ఇంకో మాట ఉంది. తెలిసి తెలిసి పాపంలో కొనసాగుతూ కూడా విశ్వాసం, పరిశుద్ధాత్మ చెక్కుచెదరకుండా ఉంటాయన్న తలంపును అది గట్టిగా ఖండిస్తుంది. మెత్తగా చెప్పండి, కానీ వదిలేయకండి.

ఎంవీపీ యవనస్థుడు

ఇంత లోతు అవసరమా బ్రదర్? వేరు విశ్వాసం, పండు క్రియలు. పండు కనబడకపోతే వేరు లేనట్టే. క్రియలే విశ్వాసానికి రుజువు. ఇది చెబితే డిగ్రీ పిల్లలకు ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది కదా?

ఇరవయ్యో ఆర్టికల్

తమ్ముడూ, నువ్వు చెప్పిన పోలిక మత్తయి 7లో ప్రభువు వాడినదే. లూథరు కూడా రోమా పత్రిక ముందుమాటలో విశ్వాసం నుంచి క్రియలను విడదీయడం నిప్పు నుంచి వేడినీ వెలుగునూ విడదీయడం లాంటిదని, అది కుదిరేది కాదని అన్నాడు. కాబట్టి తప్పు అననుగానీ, "రుజువు" అన్న మాట ఎవరి చేతికి ఇస్తున్నామో చూసుకోవాలి.

నిర్లక్ష్యంగా ఉన్నవాడు తన క్రియల్లోకి చూసి, చాలానే ఉన్నాయి అనుకుంటాడు. మెత్తని మనస్సాక్షి ఉన్నవాడు చూసుకుని, ఒక్కటీ సరిగ్గా లేదు, అంటే నాకు విశ్వాసమే లేదు అనుకుంటాడు. ఇద్దరికీ రుజువు తప్పే చూపించింది. మత్తయి 25లో నీతిమంతులు "ప్రభువా, ఎప్పుడు నీవు ఆకలిగొనియుండుట చూచి" అని అడుగుతారు. తమ లెక్క వాళ్ళకే తెలియదు! ఆ లెక్క చదివేది రాజు.

పొరుగువాడికీ లోకానికీ మన క్రియలు సాక్ష్యం, సందేహం లేదు. దిగులుపడినవాడు "నేను దేవుడివాడినేనా" అని అడిగినప్పుడు మాత్రం అతని క్రియల వైపు వేలు చూపకూడదు. బాప్తిస్మం వైపు, పాపక్షమాపణ ప్రకటన వైపు, ప్రభురాత్రి భోజనంలో "మీ కొరకు" అన్న మాట వైపు చూపాలి. ఎవరికి ధర్మశాస్త్రం (దేవుడి ఆజ్ఞ) వినిపించాలో, ఎవరికి సువార్త (క్షమాపణ వాగ్దానం) వినిపించాలో తెలుసుకోవడమే ఈ స్టడీ నడిపేవాడికి అసలు పని. ఒకే గదిలో రెండు రకాలవాళ్ళూ ఉంటారు కాబట్టి ప్రతి వారం రెండూ వినబడాలి, సువార్త చివర వినబడాలి.

మరి క్రియలు ఎక్కడికి పోతాయంటే, పొరుగువాడి దగ్గరికి. 1520లో క్రైస్తవుని స్వేచ్ఛ గురించి రాసిన చిన్న పుస్తకంలో లూథరు రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టాడు: క్రైస్తవుడు అందరిమీదా స్వతంత్రుడైన ప్రభువు, ఎవరికీ లోబడినవాడు కాడు. క్రైస్తవుడు అందరికీ సేవకుడు, అందరికీ లోబడినవాడు. మొదటిది విశ్వాసం వల్ల, రెండోది ప్రేమ వల్ల. మీ నర్సులకు ఇది బాగా అందుతుంది. రాత్రి డ్యూటీలో మూడు గంటలకు సెలైన్ సీసా అయిపోయిందేమో చూసి మార్చడం, పక్క తడిస్తే దుప్పటి మార్చడం, కోపగించుకునే బంధువుకు ఓపిగ్గా జవాబివ్వడం. వీటిని సత్క్రియలని ఎవరూ రాసుకోరు. కేటకిజంలో పాపపు ఒప్పుకోలు భాగం అడిగేది సరిగ్గా ఇదే: పది ఆజ్ఞల వెలుగులో నీ స్థానం చూసుకో, నువ్వు తండ్రివా, తల్లివా, కొడుకువా, కూతురువా, పనివాడివా, అక్కడ అవిధేయంగా, నమ్మకద్రోహంగా, సోమరిగా ఉన్నావా అని. పోర్టులో క్రేను కింద మనిషి ఉన్నాడో లేడో చూసి లోడు దించడం ఐదో ఆజ్ఞ. పూర్ణా మార్కెట్లో కూరలమ్మే విశ్వాసికి ఏడో ఆజ్ఞ త్రాసు పళ్ళెం దగ్గర మొదలవుతుంది.

నాలుగు పేటలు (మహారాణిపేట)

ధ్యానం ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి రాస్తున్నాను.

మొదట "ధ్యానం" అన్న మాట సరిచేయాలి. కళ్ళు మూసుకుని మౌనంగా కూర్చోవడం అని మనవాళ్ళు అనుకుంటారు. కీర్తన 1:2లో "ధ్యానించు" అన్నచోట హీబ్రూ మాటకు నోటితో మెల్లగా గొణుగుతూ చదవడం అనే అర్థం ఉంది. 1539లో తన జర్మను రచనల సంపుటికి ముందుమాట రాస్తూ లూథరు 119వ కీర్తన నుంచి మూడు నియమాలు తీశాడు: ప్రార్థన, ధ్యానం, శోధన. అక్కడ ధ్యానమంటే వాక్యాన్ని గట్టిగా పలకడం, మళ్ళీ మళ్ళీ చదవడం, చదివిన మాటనే రాపిడి పెట్టడం. ఒకటి రెండుసార్లు చదివి అయిపోయిందనుకోవద్దంటాడు. మన చిన్నప్పటి ఎక్కాలు వల్లెవేయడమే దీనికి దగ్గర. శోధనను ఆయన గీటురాయి అన్నాడు. కష్టం మీద గీసినప్పుడే ఆ వాక్యం ఎంత నిజమో, ఎంత తియ్యనో తెలుస్తుంది. కాబట్టి కష్టం వచ్చిన వారం ధ్యానం "కుదరలేదు" అని దిగులుపడేవాళ్ళకు, ఆ వారమే మూడో పాఠం నడుస్తోందని చెప్పాలి.

ఇక పద్ధతి. 1535లో తనకు క్షవరం చేసే పీటర్ బెస్కెన్‌డార్ఫ్ ఎలా ప్రార్థించాలని అడిగితే లూథరు ఒక చిన్న పుస్తకమే రాసిచ్చాడు. ఒక ఆజ్ఞనుగానీ వచనాన్నిగానీ తీసుకుని నాలుగు పేటల దండగా అల్లమన్నాడు: ఉపదేశం, కృతజ్ఞత, ఒప్పుకోలు, ప్రార్థన. "దొంగిలకూడదు" తీసుకుందాం.

ఉపదేశం: దేవుడు ఇక్కడ ఏం కోరుతున్నాడు? కేటకిజం వివరణ చదవాలి. పొరుగువాడి డబ్బు, ఆస్తి తీసుకోకపోవడం, కల్తీ సరుకుతోనో మోసపు బేరంతోనో రాబట్టుకోకపోవడం, అంతటితో ఆగక అతని ఆస్తి, జీవనోపాధి బాగుపడేలా సాయపడడం. కృతజ్ఞత: ఇదే ఆజ్ఞ నా ఇంటి చుట్టూ కూడా గోడ కట్టింది, నా జీతం, నా బండి, నా పిల్లల పుస్తకాలు ఈ గోడ లోపల ఉన్నాయి, దానికి స్తోత్రం. ఒప్పుకోలు: హాజరు వేయించుకుని పని ఎగ్గొట్టిన గంట, తిరిగివ్వని చేబదులు, ప్లాంటు నుంచి ఇంటికి వచ్చేసిన చిన్న సామాను. ఇక్కడ పేరు పెట్టి చెప్పాలి, "నేను పాపిని" అని గంపగుత్తగా అనేస్తే ఈ పేట తెగిపోతుంది. ప్రార్థన: క్షమాపణ కోసం, ఆ చేబదులు ఈ వారమే తీర్చే మనసు కోసం, మోసపోయిన ఫలానా మనిషి కోసం. పేటకు మూడు నాలుగు నిమిషాలు చాలు, మొత్తం పావుగంట. మధ్యలో ఒక పేట దగ్గర మనసు బాగా కదిలితే మిగతావి వదిలేసి అక్కడే ఆగమని లూథరే చెప్పాడు. ఎక్కువ పెట్టుకుని అలసిపోవద్దనీ, మంచి ప్రార్థనకు పొడవు అక్కర్లేదనీ అన్నాడు. అడిగినవాడి వృత్తి నుంచే పోలిక కూడా ఇచ్చాడు: క్షవరం చేసేవాడు కబుర్లలో పడి కత్తి మీద నుంచి దృష్టి తిప్పితే ఎదుటివాడి ముక్కో గొంతో తెగుతుంది. ఫోను పక్కనపెట్టండి అని నేను వేరే చెప్పక్కర్లేదు.

షిఫ్టు మనుషులకు: కేటకిజంలో ఉదయ ప్రార్థన "లేచినప్పుడు" అని ఉంటుంది, సాయంకాల ప్రార్థన "పడుకోబోయేటప్పుడు". గడియారం చూడకండి. సీ షిఫ్టు (రాత్రి పని) దిగి ఉదయం ఎనిమిదికి పడుకునేవాడికి అదే సాయంకాల ప్రార్థన. మధ్యాహ్నం రెండింటికి లేస్తే అదే ఉదయ ప్రార్థన. "ఈ రాత్రి కాపాడినందుకు" అన్నచోట "ఈ నిద్రలో" అనుకుంటే సరిపోతుంది. త్రియేక దేవుని నామం, విశ్వాసప్రమాణం, పరలోక ప్రార్థన, ఆ చిన్న ప్రార్థన కలిపితే ఐదు నిమిషాల లోపే. తర్వాత ఒక కీర్తన పాడుతూ సంతోషంగా పనికి వెళ్ళు, రాత్రయితే వెంటనే హాయిగా నిద్రపో అంటాడు లూథరు. నాలుగు పేటలకు షిఫ్టు వారంలో సమయం లేకపోతే ఈ ఐదు నిమిషాలే ఉంచుకోండి.

ఎక్కడ చెడుతుందంటే, ఒకరోజు తప్పిపోయినవాడు మర్నాడు రెట్టింపు చదువుతాడు. చూడడానికి శ్రద్ధలా ఉంటుంది, నిజానికి బాకీ తీర్చడం. బాకీ ఉందనుకుంటేనే కదా తీర్చేది. తప్పిన రోజు తప్పిపోయింది, ఈరోజు భాగం ఈరోజు చదవమనండి. గోడమీద టిక్కుల చార్టు కూడా పెట్టొద్దు. మనం "మొక్కుబడిగా చేశాడు" అంటే ఏ అర్థంలో వాడతామో చూడండి. మొక్కు చెల్లించడం అన్న మాట, మనసు పెట్టకుండా ముగించడం అన్న అర్థానికి దిగిపోయింది. లెక్క కోసం చేసే ధ్యానం అక్కడికే చేరుతుంది.

అన్నట్టు, మనది కొత్తగా వచ్చిన పుస్తకం అనుకునే పిల్లలకు ఒక మాట చెప్పండి. లూథరు చిన్న కేటకిజం తెలుగులో 1746లోనే జర్మనీలోని హాలే పట్నంలో అచ్చయింది. అనువాదం జర్మను మిషనరీ బెంజమిన్ షుల్జ్. తెలుగు అచ్చు పుస్తకాల తొలి వరుసలోది. గుంటూరుకు అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చింది ఆ తర్వాత చాలాకాలానికి, 1842లో.

గాజువాక గురువారం కూడిక

చాలా కృతజ్ఞతలు అందరికీ. ఇలా సర్దుకున్నాను: ఒకటో వారం పది ఆజ్ఞల్లో మొదటిది, రెండు రోమా 3, 4, మూడు ఆగ్స్‌బర్గు 4, 5, 6, నాలుగు యాకోబు 2, ఐదు 20వ ఆర్టికల్, మన వృత్తులు. ఆరో వారానికి ఏం పెట్టాలి? ఇంకో రెండు సందేహాలు. నలభై రోజులూ ఒంటిపూట ఉపవాసం ఉండేవాళ్ళకు మానేయమని చెప్పాలా? "ఏడో ఆజ్ఞ దొంగతనం" అనగానే బాప్టిస్టు అక్కయ్యలు "అది ఎనిమిదోది" అంటున్నారు.

ఇరవయ్యో ఆర్టికల్

మానేయమని చెప్పొద్దండీ. ప్రభురాత్రి భోజనం మీద కేటకిజం చివరి ప్రశ్న సరిగ్గా దీనికి జవాబు: ఉపవాసం, శరీరాన్ని సిద్ధపరచుకోవడం మంచి బాహ్య శిక్షణే, అయితే "పాపక్షమాపణ కొరకు మీ కొరకు ఇవ్వబడినది, చిందింపబడినది" అన్న మాటలను నమ్మినవాడే నిజంగా యోగ్యుడు. లూథరు ఉపవాసాన్ని తోయలేదు, దాని చోట దాన్ని ఉంచాడు. షుగరు మందులు వాడేవాళ్ళు, బరువు పని చేసేవాళ్ళు ఉండకపోతే వాళ్ళ భక్తికి వచ్చిన లోటేమీ లేదని మాత్రం ఆ వారం పైకే చెప్పండి. మొహమాటానికి ఉండేవాళ్ళు ఉంటారు.

ఆరో వారానికి ఈ భాగమే పెట్టండి. భస్మ బుధవారం మర్నాటి గురువారం నుంచి లెక్కవేస్తే ఆరు గురువారాల తర్వాత ఏడోది పరిశుద్ధ గురువారం అవుతుంది, ఆ రాత్రి బల్ల దగ్గరికే వెళ్తారు. "మీ కొరకు" అన్న మాట ఆరో వారం నేర్చుకుని ఏడో వారం అందుకుంటారు.

ఆజ్ఞల అంకెల సంగతి. ఎవరిదీ తప్పు కాదు, నిర్గమకాండం 20లో అంకెలు లేవు. లూథరన్లు, కేథలిక్కులు విగ్రహాల మాటను మొదటి ఆజ్ఞలో కలిపి, ఆశింపకూడదు అన్నదాన్ని 9, 10గా రెండు చేస్తారు. బాప్టిస్టు, సి.ఎస్.ఐ. వాళ్ళు విగ్రహాల మాటను రెండోదిగా విడదీసి, ఆశను ఒక్క పదోదిగా ఉంచుతారు. అందుకే మధ్యలో అంతా ఒక్క అంకె తేడా: మనకు తల్లిదండ్రులు 4, వాళ్ళకు 5. హత్య 5, 6. వ్యభిచారం 6, 7. దొంగతనం 7, 8. అబద్ధ సాక్ష్యం 8, 9. మొదటి వారమే ఒక కాగితం మీద రెండు వరుసలూ అచ్చువేసి పంచేయండి. తర్వాత అంకె చెప్పకుండా "దొంగిలకూడదు" అని ఆజ్ఞ మాటతోనే మాట్లాడితే ఇంక ఆ చర్చ రాదు.